ఈగకి నవ్వడం రాదు

యానిమేషన్ కోర్సులో చేరిన ఎవర్ని అడిగినా పన్నెండు సూత్రాలూ ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేస్తారు. స్క్వాష్ అండ్ స్ట్రెచ్, యాంటిసిపేషన్, స్టేజింగ్, టైమింగ్... అలా అపీల్ దాకా. డిస్నీ స్టూడియోలో దశాబ్దాల తరబడి బొమ్మలు గీసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’ అనే లావుపాటి పుస్తకంలో వీటిని ఒక చోట పెట్టారు. ఇప్పుడవి పది నిమిషాల వీడియోలుగా, గోడకి అంటించుకునే పోస్టర్లుగా దొరుకుతున్నాయి. పుస్తకం తెరిచేవాళ్ళు మాత్రం తక్కువ. నా పేచీ అక్కడే. పోస్టర్‌లో సూత్రం ఉంటుంది, ఆ సూత్రం అవసరం ఎందుకొచ్చిందో ఉండదు.

టైమింగ్ సంగతే చూడండి. పుస్తకంలో దీనికి ఒక ముచ్చటైన ఉదాహరణ ఉంది. రెండే బొమ్మలు: ఒకదాంట్లో తల కుడి భుజం వైపు వాలి ఉంది, రెండోదాంట్లో ఎడమ భుజం వైపు. మధ్యలో బొమ్మ ఒక్కటీ గీయకపోతే, మనిషికి మెడ విరిగేంత దెబ్బ తగిలినట్టు. ఒకటి గీస్తే కాస్త చిన్న దెబ్బ. ఇంకొన్ని పెంచితే దేన్నో బాగా చూడాలని ప్రయత్నిస్తున్నట్టు. పది గీస్తే పట్టేసిన మెడని నెమ్మదిగా సాగదీస్తున్నట్టు. మొదటి బొమ్మా చివరి బొమ్మా మారలేదు, కథ మారిపోయింది! కథలు రాసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. రెండు సంఘటనల మధ్య ఎన్ని వాక్యాలు పెట్టాలన్నది కూడా ఇదే లెక్క.

కంప్యూటర్‌తో చిక్కేమిటంటే, ఆ మధ్య బొమ్మల్ని అదే నింపేస్తుంది. పట్టించుకోకుండా దానికే వదిలేస్తే బరువు లేని, నీళ్ళలో తేలుతున్నట్టుండే కదలిక వస్తుంది. జాన్ లాసెటర్ 1987లో ఈ పాత సూత్రాల్ని త్రీడీ యానిమేషన్‌కి అన్వయిస్తూ ఒక పేపర్ రాసింది ఇందుకే. అంతకు ముందు ఏడాదే ‘లక్సో జూనియర్’ తీశాడు. రెండు టేబుల్ లైట్లు, ఒక బంతి, రెండు నిమిషాలు. ముఖాల్లేవు, మాటల్లేవు. అయినా ఏది పిల్ల, ఏది పెద్ద అని ఎవరూ అడగరు.

తెలుగులో దీనికి సాటిగా చెప్పుకోదగ్గది రాజమౌళి ‘ఈగ’ (2012). అందులో హీరోకి నవ్వడం రాదు, మాట్లాడ్డం రాదు, ఏడవడం రాదు. ఉన్నవల్లా రెండు పెద్ద కళ్ళు, కాళ్ళు, రెక్కలు. అభినయమంతా ఒంటితోనే. అందుకే సినిమాలో రెండు రకాల ఈగలు కనిపిస్తాయి నాకు. పగ తీర్చుకోడానికి వ్యాయామం చేసే ఈగ మనిషి వేషం వేసుకున్న ఈగ. హాయిగా నవ్వొస్తుంది, అంతే. బిందు కన్నీటితో బల్ల మీద రాసి తానెవరో చెప్పుకునే ఈగ వేరు. అది ఈగలాగే పాకుతుంది, అయినా ఆ పాకడంలో ఒక మనిషి ఉన్నాడని నమ్ముతాం. మొదటిది సూత్రాలు తెలిసినవాళ్ళు ఎవరైనా చేయగలరు. రెండోదానికి పాత్ర ఏం ఆలోచిస్తోందో ముందు తెలియాలి. థామస్, జాన్‌స్టన్ పుస్తకమంతటా చెప్పేదీ ఇదే: కదలిక కన్నా ముందు ఆలోచన. మరి పోస్టర్ మీద పన్నెండింటిలో అది పదమూడోదిగా కూడా ఉండదేం?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ సూత్రాలు భౌతికశాస్త్ర నియమాలు కావు. బంతి నేలకి తగిలి నొక్కుకుపోవడంలో కొంత భౌతికశాస్త్రం ఉంది గానీ, ‘అపీల్’ ఏ నియమం? అది డబ్బూ తీరికా ఉన్న ఒక స్టూడియో అభిరుచి. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు గీయాలి. 1963లో జపాన్ టీవీకి వారం వారం ‘ఆస్ట్రో బాయ్’ ఇవ్వాల్సొచ్చిన ఒసాము తెజుకాకి అంత తాహతు లేదు. బొమ్మని మూడేసి ఫ్రేములు నిలిపారు, మాట్లాడేటప్పుడు నోరు మాత్రం కదిపారు, గీసినవే మళ్ళీ మళ్ళీ వాడారు. డిస్నీ తూకంతో తూస్తే అది చవకబారు పనే. కానీ బొమ్మని కదపకుండా నిలబెట్టి కూడా కథ చెప్పొచ్చని అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు నేర్చుకున్నారు. పన్నెండు సూత్రాలే యానిమేషన్ అని నేర్పే క్లాసులో ఈ చరిత్రకి చోటుండదు. అక్కడ చదివిన కుర్రాడు నిశ్చలంగా ఉన్న షాట్ చూస్తే తప్పనుకుంటాడు, ఊరికే చెయ్యో తలో ఊపిస్తాడు.

తమాషా ఏంటంటే, డిస్నీలోనే దీనికి జవాబుంది. 1937 నాటి ‘స్నో వైట్’లో ఆమె చనిపోయిందనుకుని మరుగుజ్జులు చుట్టూ నిలబడి ఏడ్చే దృశ్యం. కదలిక దాదాపు లేదు. దాన్ని గీసింది ఈ పుస్తకం రాసిన ఫ్రాంక్ థామసే. కోర్సు చేస్తున్నవాళ్ళు ఓసారి సౌండ్ తీసేసి, ఫ్రేము ఫ్రేముగా జరుపుకుంటూ చూడండి. ఎవరు ముందు కదిలారో, ఎంతసేపు ఆగారో కాగితం మీద లెక్క వేసుకోండి.