బండికీ బాలారిష్టాలుంటాయి

కొత్తగా పెట్టిన హోటలైనా, కొత్తగా వచ్చిన ప్రభుత్వ పథకమైనా తొలి నెలల్లో పడే తిప్పల్ని మనం బాలారిష్టాలంటాం. జర్మన్లదీ ఇంచుమించు అదే మాట. కిండర్‌క్రాంక్‌హైటెన్, అంటే పిల్లల జబ్బులు. మన మాట జాతకచక్రంలోంచి వచ్చింది, వాళ్లది వైద్యుడి గదిలోంచి. అరిష్టమైతే శాంతి చేయించి ఊరుకుంటాం. జబ్బైతే లక్షణం చూసి కారణం వెతకాలి. ఇంటి దగ్గర సొంత చేతులతో కారు ఇంజిన్ మార్చి, వేగం పెంచుకునే జర్మన్ల అలవాటుకు ప్రాణం ఈ వెతుకులాటలోనే ఉంది.

ఆ దేశంలో ఈ పనికి ఒక రుతువుంది. సరదా కార్లు చాలావాటికి సీజన్ నంబర్ ప్లేటు ఉంటుంది. ఏ నెల నుంచి ఏ నెల దాకా బండి రోడ్డెక్కవచ్చో ప్లేటు కుడి అంచున అంకెల్లో అచ్చేసి ఉంటుంది. మార్చి నుంచి అక్టోబరు అని ఉంటే, మిగతా నాలుగు నెలలూ మంచుకీ, రోడ్డు మీద చల్లే ఉప్పుకీ దూరంగా షెడ్డులోనే. ఇంజిన్ దించడం, ఎక్కించడం అంతా అప్పుడే. సొంత షెడ్డు లేనివాళ్లకు మీట్‌వెర్క్‌స్టాట్‌లు ఉన్నాయి. గంటకింత అని కట్టి లిఫ్టూ పనిముట్లూ అద్దెకు తీసుకుంటారు, పని మాత్రం ఎవరిది వాళ్లే చేసుకోవాలి. చలికాలమంతా కట్టిన బండి వసంతంలో బయటికొస్తుంది. బాలారిష్టాలు మొదలయ్యేదీ అప్పుడే.

ఈ అలవాటులోంచి పెద్ద పేర్లే పుట్టాయి. హాన్స్ వెర్నర్ ఔఫ్రెష్ట్, ఎర్హార్డ్ మెల్షర్ 1960లలో డైమ్లర్-బెంజ్‌లో రేసు ఇంజిన్ల మీద పనిచేసేవారు. కంపెనీ రేసులు మానేసినా వాళ్లు మానలేదు. గ్రోస్ఆస్పాఖ్‌లోని ఔఫ్రెష్ట్ ఇంట్లో ఆ ఇంజిన్లకు మెరుగులు దిద్దుతూ వచ్చారు. 1967లో బుర్గ్‌స్టాల్ అనే ఊళ్లో ఒక పాత మిల్లులో సొంత సంస్థ పెట్టారు. ఇద్దరి ఇంటిపేర్ల తొలి అక్షరాలకు గ్రోస్ఆస్పాఖ్ తొలి అక్షరం కలిపితే ఏఎంజీ అయింది. నాలుగేళ్లకు, 1971లో, 250 హార్స్‌పవర్ మెర్సిడెస్ 300 ఎస్ఈఎల్ 6.3ని 6.8 లీటర్లకు పెంచి, 428 హార్స్‌పవర్ రాబట్టి, బెల్జియంలోని స్పా 24 గంటల రేసులో నిలబెట్టారు. విలాసవంతుల సెడాన్ అది. రేసు కార్ల మధ్య పరుగెత్తి రెండో స్థానంలో నిలిచింది. అలాగే బుర్కార్డ్ బోవెన్‌సీపెన్ బీఎండబ్ల్యూ 1500కు జంట కార్బ్యురేటర్లు అమర్చే కిట్ తయారుచేశాడు. నాణ్యత చూసిన బీఎండబ్ల్యూ, ఆ కిట్ బిగించినా తమ వారంటీ చెల్లుతుందని ఒప్పుకుంది. 1965లో మొదలైన ఆల్పినా సంస్థకు పునాది ఆ నమ్మకమే.

షెడ్డులో ఏం జరుగుతుందో చూద్దాం. అక్కడ తరచూ కనిపించే జత ఒకటుంది: 1980ల నాటి రెండో తరం గోల్ఫ్‌లో, తర్వాతి తరం ఫోక్స్‌వాగన్ 1.8 టర్బో ఇంజిన్. ఆ ఇంజిన్‌కు మామూలుగానే 150 హార్స్‌పవర్. దాన్ని అంతకంటే చాలా తేలికైన పాత బండిలో పెడితే పికప్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇంజిన్ స్టార్టయింది, అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు చూస్తే ఐడిల్ కుదురుగా లేదు, ఆర్‌పీఎం ముల్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. గట్టిగా తొక్కితే నల్ల పొగ, బలం మాత్రం లేదు.

చేయి తిరిగినవాడు వెంటనే విడిభాగాలు మార్చడు. ముందు పొగ రంగు చూస్తాడు. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువవుతోంది, నీలిపొగైతే ఆయిల్ మండుతోంది, ఎంతకీ తగ్గని తెల్లపొగకు తియ్యటి వాసన కూడా ఉంటే కూలెంట్ లోపలికి పోతోంది. ఇక్కడ నల్లపొగ కాబట్టి అనుమానం గాలి మీదికి పోతుంది. ఈ ఇంజిన్‌లోకి పోయే గాలిని ఒక మీటరు టర్బోకు ముందే కొలుస్తుంది. ఆ లెక్క ప్రకారం కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది. టర్బో దాటాక ఏ రబ్బరు హోసో క్లిప్పు దగ్గర వదులైతే, లెక్కకెక్కిన గాలి సిలిండర్‌కు చేరకుండా బయటికి పోతుంది. పదిమందికి వండి ఆరుగురికి వడ్డించినట్టు పెట్రోలు మిగిలిపోతుంది. దాన్ని పట్టుకునే పద్ధతి మన పంక్చర్ షాపుల్లో అందరం చూసిందే. ఇంజిన్ ఆపి, గాలి గొట్టాల్లోకి కొద్దిపాటి ఒత్తిడితో గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లుతారు. బుడగ వచ్చిన చోటే జబ్బు.

నీలిపొగ వస్తే మొదటి అనుమానం టర్బో నుంచి ఆయిల్ దిగే గొట్టం మీద. టర్బోలోకి ఆయిల్ పంపు ఒత్తిడితో వస్తుంది, తిరిగి కిందికి మాత్రం తన బరువుతోనే జారాలి. కొత్త చోట ఇరుక్కుని ఆ గొట్టం కాస్త మడత పడినా ఆయిల్ నిలిచి, సీలు దాటి పొగగొట్టంలోకి పోతుంది. ఇది తెలియక టర్బో పాడైందనుకుని కొత్తది కొన్నా పొగ ఆగదు. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే, హీటర్ వేసినా చల్లగాలే వస్తుంటే కూలెంట్‌లో గాలి పట్టిందన్నమాట. స్టార్టర్ నీరసంగా తిరుగుతూ, మీటర్లు తలో మాటా చెబుతుంటే ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండాల్సిన ఎర్త్ పట్టీ మర్చిపోయారేమో చూడాలి. మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొనను ఇంజిన్ దిమ్మకు ఆనించి స్టార్టర్ తిప్పితే వోల్టులో పదో వంతో రెండో చూపాలి. అంతకంటే బాగా ఎక్కువ చూపితే దొంగ అక్కడే ఉన్నాడు.

ఇంత వైద్యానికీ సూత్రాలు రెండే. మొదటిది, ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు ఒకేసారి మారిస్తే బండి బాగుపడుతుందేమో కానీ ఏది బాగుచేసిందో తెలియదు, మళ్లీ అదే జబ్బొస్తే మళ్లీ చీకట్లోనే. అందుకే టూల్‌బాక్స్‌లో నోటు పుస్తకం కూడా ఉంటుంది. రెండోది, బలం కాదు కొలత. బిగువు దాటితే ఊడుడేనని జర్మన్ షెడ్లలో సామెత. టార్క్ రెంచ్ లేకుండా బిగించిన బోల్టు విరిగాక గానీ ఆ సామెత అర్థం కాదు. చక్రం విప్పి బిగిస్తే, యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచ్ పెట్టి చూడటం అక్కడ చిన్నపిల్లలకూ తెలిసిన ఆచారం. ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేస్తే, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి అవి కుదురుకున్నాకే అలైన్‌మెంట్ ఖాయం చేస్తారు.

ఊళ్లో బాగానే తిరిగిన బండి జబ్బు ఆటోబాన్ మీద బయటపడుతుంది. సిగ్నల్ దగ్గర దూకుడు పది సెకన్ల పని. ఆ రహదారి మీద వేగపరిమితి లేని చోట్ల నిమిషాల తరబడి పూర్తిగా తొక్కి ఉంచితే ఆయిల్ కాగిపోతుంది, క్లచ్ జారుతుంది, దాగిన లోపం ఇక దాగదు. బ్రేకుల కథ తేలేది న్యూర్బుర్గ్‌రింగ్ రేసు ట్రాక్ మీద. 1927లో తెరిచిన దాని నార్డ్‌ష్లైఫె చుట్టు 20.8 కిలోమీటర్లు. రేసులు లేని రోజుల్లో టికెట్ కొని ఎవరి బండి వాళ్లు తిప్పుకోవచ్చు. దిగుడు మలుపుల్లో పాత బ్రేక్ ఆయిల్ ఆవిరి పట్టి, పెడల్ మెత్తబడి నేల దాకా దిగుతుంది. ఆ ఆయిల్ మార్చే బుద్ధి షెడ్డులోనే వచ్చి ఉంటే బాగుండేదని అప్పుడనిపిస్తుంది.

ఇక అసలు పరీక్ష. 1865లో మాన్‌హైమ్‌లో ఒక బీరు ఫ్యాక్టరీ బాయిలర్ పేలింది. మరుసటి ఏడాది అక్కడి బాయిలర్ల యజమానులే వాటిని తనిఖీ చేసే సంఘం పెట్టుకున్నారు. అలాంటి సంఘాల వారసులే నేడు బండ్లను కూడా పరీక్షించే ట్యూఫ్ సంస్థలు. ఇంజిన్ మార్చి, ఆ మార్పును పరీక్షకుడితో ధ్రువపరచుకోకపోతే బండికి నడిచే అనుమతే పోతుంది. అందుకే తెలివైనవాడు బోల్టు విప్పకముందే పరీక్షకుడి దగ్గరికెళ్లి, ఏం పెట్టబోతున్నాడో చెప్పి, ఏయే బ్రేకులు కావాలో అడిగి వస్తాడు. బండి తయారయ్యాక పరీక్షకుడు ఒక ముందు చక్రాన్నీ, దానికి ఐమూలగా ఉన్న వెనక చక్రాన్నీ దిమ్మెలెక్కించి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పించి, టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో వేలు పెట్టి చూస్తాడు. బ్రేకులు, పొగ, చప్పుడు కూడా అయ్యాక, బండి కాగితాల్లో ఆ మార్పు ఎక్కుతుంది.

మన దగ్గర చేతి పనికేం కొదవ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో బానెట్ మీద చెయ్యి వేసి మిస్సింగ్ ఏ సిలిండర్‌దో చెప్పగల మేస్త్రీలున్నారు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. గ్యాస్ కిట్ లాంటి కొన్నిటికే దారి ఉంది. మిగతాదంతా చాటుమాటు వ్యవహారం కాబట్టి, పనిమంతుడి పనినీ పనికిమాలిన పనినీ వేరుచేసి చెప్పే రెండో కన్ను లేదు. మేస్త్రీ విద్య చేతిలోనే ఉండి, ఆయనతోనే పోతోంది.

జర్మనీలో ఇలాంటి బండి అమ్మకానికి పెడితే, ప్రకటనలో హార్స్‌పవర్ పక్కనే ‘అన్నీ ఎంట్రీ అయ్యాయి’ అని రాస్తారు. కొనేవాడు బానెట్ ఎత్తకముందే ఫైలు అడుగుతాడు. రసీదులు, ధ్రువపత్రాలు, గ్రీజు వేలిముద్రలు పడిన ఆ నోటు పుస్తకం అందులో ఉంటాయి. ఏ జబ్బు ఎప్పుడొచ్చింది, ఏం చేస్తే తగ్గిందీ తేదీలతో సహా రాసి ఉన్న పుస్తకం చూశాకే అతను తాళంచెవి కోసం చెయ్యి చాపుతాడు.