నవ్వింది ఎవరు?

మొన్న మా ఊరి తిరునాళ్లలో పద్యనాటకం వేశారు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చే ఘట్టం నడుస్తోంది. నా వెనక కూర్చున్న కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, పక్కవాడితో అంటున్నాడు: "మయసభలో ఆవిడ నవ్వకపోతే ఇదంతా జరిగేదా?" అప్పటికి ద్రౌపది జుట్టు ఇంకా దుశ్శాసనుడి పిడికిట్లోనే ఉంది.

అతన్ని అనేముందు నా సంగతి చెప్పాలి. 1977లో 'దానవీరశూరకర్ణ' చూసినప్పటి నుంచీ నేనూ సుయోధనుడి మనిషినే. ఎన్టీఆర్ అందులో కర్ణుడూ కృష్ణుడూ కూడా తానే వేశారు. నా మనసులో నిలిచింది మాత్రం సుయోధనుడే. కర్ణుణ్ణి కులం అడిగిన పెద్దలను అతను నిలదీస్తాడే, కొండవీటి వెంకటకవి రాసిన ఆ మాటలు మా వాళ్లందరికీ కంఠతా వచ్చు. పుట్టుక పేరు చెప్పి ఎవరో చిన్నబుచ్చిన ప్రతివాడికీ అది తన తరఫున అడిగిన ప్రశ్న.

నాటకాలు రాసేవాడిగా నాకు తెలిసిందిదే. ప్రతినాయకుడి నోట ఒక్క నిజం పలికిస్తే చాలు, ప్రేక్షకుడు అతనికి బాకీ పడతాడు. తర్వాత వాడెంత ఘోరం చేసినా సాకులు వెతికిపెడతాడు. వాణ్ణి వదులుకుంటే ఆ నిజాన్నీ వదులుకున్నట్టే ఉంటుంది మరి. భీముడికి పెట్టిన విషాన్నీ, లక్క ఇంటినీ నేను ఏళ్ల తరబడి శకుని ఖాతాలోనే రాశాను.

ఆ నవ్వు కోసం వ్యాస భారతం సభాపర్వం తిరగేశాను. దుర్యోధనుడు నీళ్లలో పడ్డప్పుడు నవ్వింది భీముడు, అర్జునుడు, కవలలు, పనివాళ్లు. అక్కడ ద్రౌపది పేరు లేదు. ఆమె నవ్విందని చెప్పింది దుర్యోధనుడే, తర్వాత తండ్రి దగ్గర మొరపెట్టుకుంటూ. నేరం చేసినవాడి మాటే మనకు సాక్ష్యమైంది! పోనీ, నవ్విందే అనుకుందాం. నవ్వినందుకు ఆడమనిషి బట్టలు లాగుతారా?

లాగమన్నది కర్ణుడు. కులం పేరుతో అవమానపడ్డవాడే ఆ మాట అన్నాడని రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు. అయినా రాయాలి.

ఆ కుర్రాడికి వికర్ణుడి గురించి చెప్పాను. దుర్యోధనుడి సొంత తమ్ముడు. అన్నను వదల్లేదు, అతని పక్షానే పోరాడి భీముడి చేతిలో చనిపోయాడు. కానీ ఆ రోజు నిండు సభలో లేచి, ఇది అధర్మమన్నాడు.