తంగూసు పట్టు

గాలం రీలు కొనడానికి వచ్చినవాళ్లు ముందు హ్యాండిల్ తిప్పి చూస్తారు, బేరింగులెన్నో అడుగుతారు. దారం చుట్టే స్పూలు సంగతి అడిగేవాళ్లు తక్కువ. రీలు నాలుగు కాలాలపాటు పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు తేలేది అక్కడే.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రీళ్ల కంపెనీ పెన్ 1932లో మొదలైనప్పుడు సముద్రపు గాలాలకు అవిసె నార దారమే వాడేవారు. అది పెద్దగా సాగదు. బేకలైట్ లాంటి గట్టి ప్లాస్టిక్ స్పూళ్లు దానికి తట్టుకునేవి. 1938లో డ్యూపాంట్ నైలాన్‌ను ప్రకటించింది. ఆ వెనకే నైలాన్ దారం, అదే తంగూసు, వచ్చింది, దాంతోపాటు చిక్కూ వచ్చింది.

తంగూసు సాగుతుంది. పెద్ద చేపను లాగేటప్పుడు సాగింది సాగినట్టే స్పూలుకు చుట్టుకుంటుంది, చుట్టుకున్నాక మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. ఒక్క చుట్టు బిగువు అరకిలోయే అనుకుందాం. ప్రతి చుట్టూ మధ్య గొట్టాన్ని రెండు పక్కలా పట్టి నొక్కుతుంది కాబట్టి, 300 చుట్లకు లెక్క 300 కిలోలు! పై పొరల ఒత్తిడికి కింది పొరలు కాస్త సడలుతాయి కనుక అసలు భారం అంత ఉండదు. అయినా ప్లాస్టిక్ అంచులు పక్కలకు విచ్చుకోవడానికి అది చాలు. పగలకపోయినా, ఉబ్బిన అంచు పక్క పలకకు రాసుకుని రీలు పట్టేస్తుంది.

అందుకే క్రోమ్ పూసిన ఇత్తడి స్పూళ్లకు గిరాకీ. మరి ఇత్తడి బరువు! గాలం విసిరితే ఆలస్యంగా కదులుతుంది, కదిలాక ఓ పట్టాన ఆగదు. ఎర నీళ్లలో పడ్డా స్పూలు తిరుగుతూనే ఉంటే దారం చిక్కుపడుతుంది, ఆ చిక్కు విప్పేసరికి పొద్దుగూకుతుంది. బలమూ తేలికదనమూ రెండూ కావాలనుకున్నవాళ్లకు అల్యూమినియం దిమ్మను తొలిచి చేసిన స్పూలే నయం, ధర సంగతి పక్కనపెడితే.

నైలాన్ రాకకు చాలా ముందే, 1905లో, ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ మిల్లు యజమాని ఇల్లింగ్‌వర్త్ ఇంకో దారి పట్టాడు. మిల్లు కండె కొసనుంచి నూలు జారినట్టు, తిరగని స్పూలు మీదనుంచి దారం జారేలా చేశాడు. విసురుకు బరువు బెడద తప్పింది కానీ, భారమంతా ముందు అంచు మీద పడింది. దారం మొత్తం దాన్ని రాసుకుంటూనే పోవాలి. రీలును రాళ్ల మీద పెట్టేవాళ్లు అంచు చుట్టూ కాస్త దూది తిప్పి చూడాలి. పోగు చిక్కితే అక్కడ గాటుంది. చిన్నదైతే మెత్తటి వాటర్ పేపర్‌తో రుద్దితే పోతుంది. పూత లేచి అల్యూమినియం బయటపడితే ఉప్పునీళ్లు తినేస్తాయి, స్పూలు మార్చుకోవడమే.