వీపున దాచిన పనితనం

విశాఖలో లా కోర్సులో చేరబోతున్న మా మేనకోడలు సెలవులకి ఇంటికొచ్చి అడిగింది: "మావయ్యా, ల్యాప్‌టాప్ కొనుక్కోనా, ట్యాబ్ కొనుక్కుని దానికో కీబోర్డు తగిలించుకుంటే సరిపోతుందా?"

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. అడిగినవాళ్లూ, జవాబు చెప్పేవాళ్లూ ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు అన్న లెక్కల్లో పడిపోతారు. నేను లెక్కల జోలికి పోలేదు. అమెరికాలో ఉండే తమ్ముడు తెచ్చిచ్చిన మైక్రోసాఫ్ట్ ట్యాబ్లెట్ సర్ఫేస్ ప్రో 3 నా బల్ల మీద ఉంది. దాన్ని తిప్పి వీపు చూపించి, "ముందు ఈ రేకు తెరిచి చూడమ్మా" అన్నాను.

అంచున గోరు దూర్చి లాగింది. రేకు తెరుచుకుని ఒకచోట ఠక్కున ఆగింది. ఇంకాస్త నొక్కితే ఎక్కడా జారకుండా, ఎక్కడా పట్టేయకుండా మెత్తగా వంగుతూ పోయింది. చెయ్యి తీసిన చోట నిలిచిపోయింది. మళ్లీ మూసింది, మళ్లీ తెరిచింది. చేతికి పట్టుబడిన పనితనాన్ని వేళ్లు వెంటనే వదలవు.

ట్యాబ్లెట్ ల్యాప్‌టాప్ పని చేయగలదా లేదా అన్నది చాలావరకు ఆ రేకు కీళ్ల దగ్గరే తేలుతుందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ల్యాప్‌టాప్‌ని ఒకసారి మనసులో విప్పి చూడండి. బ్యాటరీ, బోర్డు, ఫ్యాను, బరువైనవన్నీ కీబోర్డు కిందే ఉంటాయి. తెర పలచన. అందుకే మూత ఎంత వాల్చినా అది వెనక్కి పడదు. ట్యాబ్లెట్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఉన్న బరువంతా అద్దం వెనకే. కింద పరిచే కీబోర్డు అట్టముక్కంత తేలిక. రెండింటినీ మామూలు మడతబందుతో కలిపితే తలబరువుకి వెనక్కి పడిపోతుంది. అంచేత తయారీదారుకి ముఖ్యంగా రెండు దారులు. కీబోర్డునే బరువుగా చేసి కాటాకి పాసంగం కట్టినట్టు సరితూచడం ఒకటి. ఐప్యాడ్ ప్రో కోసం ఆపిల్ 2020లో తెచ్చిన మ్యాజిక్ కీబోర్డుది ఈ దారే. ఆ కీబోర్డు ఒక్కటే ఐప్యాడ్‌ని మించి తూగుతుంది. రెండో దారి, పలకకే వెనక ఒక కాలు ఇవ్వడం. సర్ఫేస్ ఎంచుకున్నది ఇదే.

వెనక స్టాండు ఆలోచన మనకి కొత్త కాదు. పురాణం చెప్పే చోట వ్యాసపీఠాన్ని చూసినవాళ్లకి తెలుసు. ఒకే చెక్కని చీల్చి, నడుమ పళ్లుగా కోసి, ఒకదానిలోంచి ఒకటి తిరిగేలా మలుస్తారు. మేకు ఉండదు, బందు ఉండదు. తెరిస్తే గ్రంథాన్ని మోస్తుంది, మూస్తే మళ్లీ ఒక్క చెక్క. చదివేవాడి కళ్లు గ్రంథం మీదే ఉంటాయి కానీ మోసేదాని మీద ఉండవు. మంచి స్టాండు లక్షణం అదే.

సర్ఫేస్‌ని మైక్రోసాఫ్ట్ 2012 జూన్ 18న లాస్ ఏంజెలెస్‌లో లోకానికి చూపించింది. అప్పటికి ఐప్యాడ్ వచ్చి రెండేళ్లు దాటింది. 680 గ్రాముల ఐప్యాడ్ చదవడానికీ, చూడడానికీ హాయిగా ఉంది. రాసి పనిచేసుకునేవాళ్లకి మాత్రం ఏదో వెలితి. ఆ వెలితిని పూడ్చాలన్నదే సర్ఫేస్ పట్టుదల. మెగ్నీషియంతో పోతపోసిన ఒంటిని 0.65 మిల్లీమీటర్ల మందం దాకా పలచన చేశారు. వెనక స్టాండు మూస్తే పలకలో కలిసిపోయేది. అది మూతపడే చప్పుడు ఖరీదైన కారు తలుపు చప్పుడులా వినిపించాలని ఇంజనీర్లు ప్రత్యేకంగా శ్రమపడ్డారని ఆ సభలోనే చెప్పారు. చప్పుడు కోసం శ్రమేమిటని నవ్వుకోనక్కర్లేదు. రోజుకి ఇరవైసార్లు తెరిచి మూసే వస్తువు ప్రతిసారీ గట్టిగా, శుభ్రంగా పలికితే దాని మీద నమ్మకం కుదురుతుంది.

ఆ మొదటి స్టాండు తెరుచుకునేది ఒకే కోణంలో, 22 డిగ్రీలు. ఇక్కడే నాకెంతో ఇష్టమైన చిన్న సంగతి ఒకటుంది. స్టాండు మీద నిలబెడితే పలక వెనక్కి వాలుతుంది కదా, వెనక కెమెరా నేల చూపులు చూడాలి. అది ఎదురుగా చూసేలా కెమెరాని లోపల అదే 22 డిగ్రీలు ఎత్తి బిగించారు. కొన్నవాళ్లలో ఎందరు గమనించారో గానీ, చేసినవాళ్లు మాత్రం ఒక భాగాన్ని మలిచేటప్పుడు రెండో భాగానికి వచ్చే కష్టాన్ని ముందే చూశారు. పనితనమంటే నాకు తెలిసిన అర్థం అదే.

ఒకే కోణం చాలదని త్వరలోనే తెలిసింది. ఎత్తు బల్ల దగ్గర ఒకలా, పొట్టి బల్ల దగ్గర ఒకలా, ఒళ్లో ఇంకోలా వాలాలి. 2013లో వచ్చిన రెండో తరానికి రెండు కోణాలు ఇచ్చారు. మా తాతగారి పడక కుర్చీకి మూడు గాట్లుండేవి. కర్ర ఒక గాటులోంచి తీసి ఇంకో గాటులో వేస్తే వాలు మారేది. మన నడుముకి కావలసిన వాలు మాత్రం ఎప్పుడూ రెండు గాట్ల మధ్యే ఉండేది. 2014లో వచ్చిన ప్రో 3లో గాట్లు తీసేశారు. మొదట 22 డిగ్రీల దగ్గర ఒక్క ఆగుడు, అక్కణ్నుంచి 150 డిగ్రీల దాకా ఎక్కడ కావాలంటే అక్కడ. 2017 నాటికి అది 165 డిగ్రీలకి పెరిగింది.

ఎక్కడైనా నిలవడమంటే కీలు ఒరిపిడి మీద బతకడం. ఆ బిగువు సరిగ్గా కుదర్చడం ఎంత కష్టమో ఆలోచించండి. తెర పైమూల వేలితో తాకితే కదలకూడదు. కీబోర్డు టకటకలాడించినా వణక్కూడదు. పెన్నుతో రాసేటప్పుడు చెయ్యి బరువంతా ఆనించినా కుంగకూడదు. అంతలోనే, మనం కావాలని మార్చబోతే రెండు వేళ్లకే లొంగాలి. బిగువు ఎక్కువైతే పలక కంటే ముందు బల్ల కదులుతుంది, తక్కువైతే పద్యం మధ్యలో తెర వాలిపోతుంది. పైగా ఈ విద్యంతా 9.1 మిల్లీమీటర్ల మందమున్న పలక వెనక, వేలెడు చోటులో ఇమడాలి. రోజూ తెరుస్తూ మూస్తున్నా ఆ పట్టు సడలకూడదు.

మిగతా భాగాల్లోనూ ఇదే శ్రద్ధ. కీబోర్డుని దగ్గరికి తెస్తే చాలు, అయస్కాంతం లాగి టక్కున అతికించుకుంటుంది. దానికి వేరే బ్యాటరీ లేదు, బ్లూటూత్ జత చేసే తతంగం లేదు. అతుక్కున్న చోటి లోహపు చుక్కల్లోంచే కరెంటూ అక్షరాలూ రెండూ ప్రయాణిస్తాయి. వెనక్కి మడిచేస్తే కీబోర్డు మీటలు తమంతట తామే పనిచేయడం మానేస్తాయి. ప్రో 3తో ఇంకో మడత చేరింది. కీబోర్డు పైఅంచున వేలెడు పట్టీ తెర కింది అంచుకి మరో అయస్కాంతంతో అతుక్కుంటుంది. దాంతో కీబోర్డు కాస్త వాలుగా లేస్తుంది, మణికట్టుకి సుఖం. పలకకీ కీబోర్డుకీ మధ్య ఊగిసలాట తగ్గుతుంది, ఒళ్లో పట్టే చోటూ తగ్గుతుంది. దీనికి ముందు నా దగ్గర వేరే ట్యాబ్లెట్ ఉండేది. దాని అట్టని త్రికోణంగా మడిచి నిలబెట్టాలి. రైల్లో ప్రూఫులు దిద్దుతుంటే బండి పట్టాలు మారినప్పుడల్లా అది ముందుకి బోర్లాపడేది. ఒక పట్టీకి ఎంత విలువుందో నాకు అప్పుడు తెలిసింది.

తెర ఆకారం మరో మెట్టు. అంతకుముందు తరాలకి సినిమా చూడ్డానికి అనువైన 16:9 తెర ఉండేది. నిలువుగా పట్టుకుంటే తాటాకు చూసినట్టుండేది. ప్రో 3లో 12 అంగుళాల తెరని 3:2కి మార్చారు. ఏ4 కాగితం పొడవు దాని వెడల్పుకి 1.41 రెట్లు. ఈ తెరది 1.5, పాతదానిది 1.78. ఆ చిన్న మార్పుతో పలక కాగితానికి చుట్టమైంది. కోర్టు తీర్పు పేజీ తెర నిండా నిలుస్తుంది, పక్కన పెన్నుతో గీతలు గీసుకోవచ్చు. పెన్ను తలమీది మీట నొక్కితే నిద్రపోతున్న పలక సైతం ఖాళీ కాగితం తెరిచి ముందు పెడుతుంది. పలకకి బలపం ఎలాగో దీనికి ఆ పెన్ను అలాగ.

ఇక వేడి. ల్యాప్‌టాప్‌లో వాడే ఇంటెల్ ప్రాసెసర్నే ఈ పలకలో పెట్టారు కాబట్టి లోపల ఫ్యాను తప్పలేదు. గాలి పోవడానికి ఒకచోట కన్నాలు పెడితే చెయ్యి అడ్డం పడుతుంది. అందుకని అంచు పొడుగునా సన్నటి సందు విడిచారు, పెంకుటింట్లో గోడకీ చూరుకీ మధ్య గాలాడే చోటు విడిచినట్టు. ఎటు పట్టుకున్నా చెయ్యి ఆ సందునంతా కప్పలేదు.

ఇంత చేసినా ఒకటి లేకపోతే ఇదంతా వృథా అయ్యేది. 2012లో మొదట అమ్మకానికి వచ్చిన సర్ఫేస్‌లో విండోస్ ఆర్‌టీ ఉండేది. పాత విండోస్ ప్రోగ్రాములు అందులో ఎక్కించుకునే వీలు లేదు. ఒళ్లు ఎంత బాగున్నా ప్రాణం అరకొరగా ఉండడంతో జనం కొనలేదు. 2013 జూలైలో మైక్రోసాఫ్ట్ 90 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో రాసుకుంది. ప్రో వరసలో మాత్రం పూర్తి విండోస్. ఇది తెలుగులో పనిచేసేవాళ్లకి చిన్న విషయం కాదు. మన పత్రికల్లో, ప్రెస్సుల్లో ఎన్నో ఏళ్లుగా పేజీలు పెట్టింది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. ఆ పాత ఫైలు తెరవాలంటే విండోస్ కావాలి. నేను ఈ పలకని మొదటిరోజు నుంచీ వాడగలిగానంటే అందుకే. 2019లో విండోస్‌కి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా వచ్చాక, ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అమరిక నేర్చుకోని మా ఇంటి పిల్లలూ తెలుగు కొట్టడం మొదలుపెట్టారు.

ప్రో 3ని 2014 మే 20న న్యూయార్క్‌లో ఆవిష్కరించారు. దాని నినాదం అచ్చంగా మన ప్రశ్నే: ల్యాప్‌టాప్‌కి బదులు నిలవగల ట్యాబ్లెట్. సభని ప్రారంభించింది సత్య నాదెళ్ల. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఆయన మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టి అప్పటికి నాలుగు నెలలు కాలేదు. సర్ఫేస్ బృందాన్ని నడిపిన పానోస్ పనయ్ వేదిక మీద ఏకంగా త్రాసే పెట్టి, ఒక సిబ్బిలో ల్యాప్‌టాప్, రెండో సిబ్బిలో 800 గ్రాముల ఈ పలక వేసి తూచి చూపించారు.

అయితే నినాదం పూర్తిగా నిజమైందా? మెచ్చినవాడు కూడా నిజమే చెప్పాలి. బల్ల ఉన్నచోట అయింది. చదువు, ఉత్తరాలు, ప్రూఫులు, నోట్సు, లెక్కల కాగితం, వీడియో పాఠం, వీటన్నిటికీ ఇది చాలు, పెన్ను వల్ల ల్యాప్‌టాప్ కంటే మిన్న కూడా. ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ టైపు చేసేవాళ్లకి మాత్రం ఆ రేకు అంచు తొడ మీద ఒత్తుతుంది. పలక, కీబోర్డు, వెనక కాలు మూడూ కలిసి పొడుగైన చోటు అడుగుతాయి. ల్యాప్‌టాప్ పునాది ఇచ్చే స్థిమితం అక్కడ దొరకదు. ఇంకొకటి, ప్రో 3 తెరనీ బ్యాటరీనీ జిగురుతో అంటించేశారు. బయట అంత శ్రద్ధ పెట్టినవాళ్లు రిపేరు చేసేవాడి చేతుల్ని తలుచుకోలేదు. తర్వాతి మోడళ్లలో స్టోరేజీ విప్పి మార్చే వీలు కల్పించడం మంచి దిద్దుబాటు. ధర కూడా రెండు ముక్కలు: విడుదలైనప్పుడు పలక 799 డాలర్ల నుంచి, కీబోర్డు విడిగా మరో 130. కీబోర్డు లేకుండా ధర చూసి మురిసిపోతే బిల్లు దగ్గర చేదవుతుంది.

అందుకని మా అమ్మాయికి చెప్పిన సలహా ఏ కంపెనీ పలకకైనా పనికొస్తుంది. షాపులో వివరాల కార్డు చదవడానికి ముందు, కీబోర్డు తగిలించమని అడుగు. బల్ల మీద నిలబెట్టి తెర పైమూల వేలితో తోసి చూడు. ఒక పేరా టైపు చెయ్యి. తర్వాత కూర్చుని ఒళ్లో పెట్టుకుని ఇంకో పేరా. ఆ తర్వాత నీ కాలేజీలో తప్పనిసరి అన్న ప్రోగ్రాము దాని మీద నడుస్తుందా అని అడుగు. ఈ నాలుగూ దాటిన పలక నీకు ల్యాప్‌టాప్ లాంటిదే. దాటకపోతే ల్యాప్‌టాపే కొనుక్కో, చిన్నతనమేమీ లేదు.

అన్నీ విని పలక తీసుకుని వసారాలోకి వెళ్లింది. కాసేపయ్యాక చూస్తే చాప మీద బాసింపట్టు వేసుకుని, పలకని ముందర దాదాపు పడుకోబెట్టినట్టు వాల్చుకుంది. పాత కాలపు కరణాల దగ్గర వాలు మూత ఉన్న రాతపెట్టె ఉండేది. దాని ముందు కూర్చున్న తీరు అచ్చం ఇదే. పెన్ను తీసుకుని ఏదో రాస్తోంది. ముందుకి వంగి, అరచేతి బరువంతా తెర మీద ఆనించింది. వెనకున్న రేకు కదల్లేదు.