పని మీద వచ్చినవాళ్ల ఊరు

ఊరి చరిత్ర రాయబోయేవాళ్లు ముందు గుడికి పోతారు. బాపట్ల అయితే మరీను. భావనారాయణస్వామి గుడిలో చోళుల కాలం నాటి శాసనాలున్నాయి, అక్కడ మొదలుపెడితే నూరు పేజీలు ఇట్టే నిండుతాయి. ఈ పుస్తకం రాసిన అమ్మాయి మాత్రం రిజిస్ట్రారాఫీసు వసారాలో మొదలుపెట్టింది. ‘గుడేదమ్మా?’ అని అడిగితే, ‘మూడో అధ్యాయంలో ఉంది తాతగారూ’ అంది. అంతా చదివాక ఆ వరసే సబబనిపించింది. ఆ మూడో అధ్యాయంలోనూ, 2011లో గాలిగోపురం కూలినప్పటి సంగతులు పూలకొట్ల వాళ్ల నోట చెప్పించింది.

తాలూకా ఊరంటే అందులో ఇళ్లున్నవాళ్లది ఒక్కళ్లదే కాదు. పొద్దున బస్సుకు దిగి సాయంత్రం బస్సుకు పోయేవాళ్లది కూడా. 1985లో మండలాలు వచ్చేదాకా చుట్టుపక్కల పల్లెలన్నిటికీ శిస్తు తగువైనా, పట్టా మార్పైనా దిక్కు తాలూకాఫీసే. రెవిన్యూలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి గనక ఆ రోజులు నాకు తెలుసు. శిస్తు లెక్కలు సరిచూసే జమాబందీ వచ్చిందంటే కరణాలందరూ గుడ్డలో కట్టిన దస్తరాలు చంకన పెట్టుకుని దిగేవాళ్లు. ఆ పూట హోటళ్లలో ఇడ్లీ దొరికితే అదృష్టం. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. దస్తరాలతో పాటు కొన్ని చీకటి లెక్కలూ పోయాయి లెండి, అన్నీ పోయాయని మాత్రం అనను.

నాకు అన్నిటికన్నా నచ్చింది దస్తావేజు లేఖరి అధ్యాయం. అమ్మాయి ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నట్టే రాసింది. పొలం అమ్మేవాడూ కొనేవాడూ ధర దగ్గర తొందరగానే తెములుతారట. హద్దుల దగ్గరే ఆగిపోతారు. తూర్పున డొంక, దక్షిణాన ఫలానా వారి చేను, పడమర తాటిచెట్ల గట్టు... ఆ ఫలానా వారు ఎప్పుడో కాలం చేసి ఉంటారు, చేను మనవలు పంచుకుని ఉంటారు, తాటిచెట్లు దూలాలైపోయి ఉంటాయి. అయినా పాత కాగితంలో ఎలా ఉందో అలాగే దింపుతాడు లేఖరి. మారిస్తే రేపు కోర్టులో ఏది ఏ చేనో తేలదని ఆయన భయం. పల్లెల్లో మనుషులు పోయాక కూడా హద్దులుగా బతికే ఉన్నారన్నమాట. నేను ముప్ఫయ్యేళ్లకు పైగా ఆ కాగితాలు చూశాను గానీ ఇలా చూడలేదు.

1913 మే 26న మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలోనే జరిగింది, బయ్యా నరసింహేశ్వరశర్మ అధ్యక్షులు. మా ఊళ్లో ఈ సంగతి తెలియని పెద్దమనిషి లేడు. తెలుగు జిల్లాలకు వేరే రాష్ట్రం కావాలన్న తీర్మానం ఆ సభలో కాలేదనీ, ఆ తరువాతి ఏడు బెజవాడలో అయిందనీ చెప్పే పెద్దమనుషులు మాత్రం తక్కువ. అమ్మాయి దాచకుండా రాసింది. దీనికి మావాళ్లు నలుగురైనా నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

గొప్ప చెప్పుకోవాలంటే అన్నం గురించి చెప్పుకోవచ్చు. 1945లో వచ్చిన వ్యవసాయ కళాశాల, దాని పక్కన వరి పరిశోధన, అక్కణ్ణుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204. జనం సాంబమసూరి అంటారు. దేశంలో ఎక్కడెక్కడో ఆ బియ్యం వండుకునేవాళ్లకు బీపీటీ అంటే బాపట్ల అని తెలియదు. ఆ మూడక్షరాల మీద ఇంకో నాలుగు పేజీలు రాసినా నేను కాదనేవాణ్ణి కాదు.

1977 నవంబరు 19 తుపాను అధ్యాయం చిన్నది. పెంచమని నేను అడగలేదు.

ఒక్క చోట మాత్రం అమ్మాయితో తగువు పెట్టుకున్నాను. సూర్యలంక దారిలో ఇసుక నేలల్లో సరుగుడు వేసి, వేరుశెనగ పండించి బతికేవాళ్లు, తెల్లారకముందే చేపల బుట్టలతో ఊళ్లోకి వచ్చే ఆడవాళ్లు, వీళ్లకు ఇచ్చినవి రెండే పేజీలు. కాగితం పని మీద వచ్చినవాళ్లను అంత ఓపిగ్గా అడిగిన మనిషి బుట్ట దించినవాళ్లను అడక్కపోవడమేమిటి? రెండో కూర్పులో రాస్తానని మాటిచ్చింది. అప్పటిదాకా ఇది అప్పే.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది. గుంటూరు జిల్లాలో ఒక మూలన తాలూకాగా ఉన్న ఊరికి కలెక్టరాఫీసు వచ్చింది. చీరాల, రేపల్లెల వాళ్లు ఇప్పుడు అర్జీలు పట్టుకుని ఇక్కడికే రావాలి. అద్దెలు పెరిగాయి, జిరాక్సు కొట్లు పెరిగాయి, సోమవారం పూట అర్జీలవాళ్ల రద్దీ. ఈ సంగతులు పుస్తకంలో చివరి అధ్యాయంలో క్లుప్తంగా ఉన్నాయి, అంతకన్నా ఇప్పుడే రాయలేం కూడా. పుస్తకం కొని చదవండి. నా దగ్గర ఉన్న ప్రతి ఎవరికీ అరువివ్వను.