41లోంచి 13 తీస్తే

మూడో తరగతి పిల్లాడి నోట్‌బుక్‌లో 41 − 13 అన్న లెక్క కింద జవాబు 32 అని ఉంటుంది. టీచర్ ఎర్ర ఇంకుతో ఇంటూ పెట్టి తర్వాతి పుస్తకం అందుకుంటారు. నలభై మంది ఉన్న గదిలో అంతకు మించి తీరిక దొరకదు. అయితే ఆ 32 గుడ్డిగా వేసింది కాదు. ఒకట్ల స్థానంలో 1లోంచి 3 పోదు కాబట్టి వాడు 3లోంచే 1 తీసేశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని ఒకటో తరగతిలో విన్న మాటను బుద్ధిగా పాటించాడు. 52 − 27 ఇచ్చి చూడండి, 35 అనే రాస్తాడు.

తరగతిలో సహాయకుల అవసరం సరిగ్గా ఇక్కడే. పక్కన కూర్చుని “ఇదెలా వచ్చిందో చెప్పు నాన్నా” అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగే మనిషి కావాలి. అలాంటి సహాయకురాలు చీపురుపుల్లలను పదేసి చొప్పున కట్టి, నాలుగు కట్టలు, ఒక విడి పుల్ల వాడి ముందు పెడుతుంది. అందులోంచి పదమూడు ఇమ్మంటుంది. మూడు విడి పుల్లలు కావాలి, ఉన్నది ఒక్కటే. పిల్లాడు కాసేపు అటూ ఇటూ చూసి, ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేస్తాడు. ఆ కట్టను వాడే విప్పాలి, ఆమె విప్పకూడదు. ఇప్పుడు మూడు కట్టలు, పదకొండు పుల్లలు. పదమూడు ఇచ్చేస్తే మిగిలేవి రెండు కట్టలు, ఎనిమిది పుల్లలు. పలక మీద 4 కొట్టేసి 3 వేయడం ఆ తర్వాతి సంగతి. చాలాచోట్ల ఆ కొట్టివేతతోనే పాఠం మొదలుపెడతారు. పిల్లలు తడబడేది అందుకే.

తడబడేది ఒకరిద్దరు కాదు. పిల్లల చదువు తీరును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగింది 33.7 శాతమే. ఐదో తరగతిలో భాగహారం వచ్చినవాళ్లు 30.7 శాతం.

ఇలా పక్కన కూర్చుని నేర్పడానికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదని ‘ప్రథమ్’ సంస్థ బాలసఖి కార్యక్రమం చూపించింది. బాలసఖులంటే చాలావరకు హైస్కూలు చదువు పూర్తిచేసిన, ఆ బస్తీలోనే ఉండే యువతులు. అప్పట్లో వాళ్లకు రెండు వారాల శిక్షణ, నెలకు 500 నుంచి 750 రూపాయలు ఇచ్చేవారు. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పదిహేను ఇరవై మందిని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, ఒకటో రెండో తరగతుల్లో రావాల్సిన చదువు, లెక్కలు నేర్పేవారు. 2001 నుంచి వడోదర, ముంబై బడుల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోల బృందం దీన్ని పరిశీలించింది. పిల్లల మార్కులు పెరిగాయి, లెక్కల్లో మరీ బాగా పెరిగాయి. ముఖ్యమైన విషయం ఇంకోటుంది. వెనకబడినవాళ్లు బయటికి వెళ్లడంతో గది పలచబడినా, లోపల మిగిలినవాళ్లకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. మేలు జరిగింది బాలసఖి దగ్గర కూర్చున్నవాళ్లకే. కార్యక్రమం ఆగిపోయాక ఆ మేలు కొంత తగ్గిపోయింది కూడా. అంటే ఒక ఏడాది నేర్పి వదిలేస్తే చాలదు.

సహాయకులు ఉంటే చాలు, అంతా చక్కబడుతుందనుకోవడమూ పొరపాటే. ఇంగ్లండ్, వేల్స్ బడుల్లో జరిగిన పెద్ద అధ్యయనం 2009లో చేదు నిజం బయటపెట్టింది. సహాయకుల అండ ఎక్కువగా అందిన పిల్లలు, అలాంటి పిల్లలే అయిన మిగతావాళ్లకంటే తక్కువ ముందుకెళ్లారు. తప్పు సహాయకులది కాదు. ఏ పాఠం జరుగుతుందో వాళ్లకు ముందుగా చెప్పేవారు లేరు, టీచర్‌తో కూర్చుని మాట్లాడుకునే వ్యవధి లేదు. దాంతో పిల్లాడికి అర్థమైందా లేదా అన్నది పక్కకు పోయి, పేజీ నింపించడమే పని అయింది. పిల్లాడేమో టీచర్‌కు మరింత దూరమయ్యాడు.

తెలుగువాళ్లకు విద్యా వాలంటీర్లు కొత్త కాదు. కాకపోతే వాళ్లను ఎక్కువగా ఖాళీ పోస్టుల్లో టీచర్లుగానే సర్దారు. వెనకబడిన పిల్లల కోసమే ఒక మనిషిని పెట్టడం అరుదు. తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. చదవడం, రాయడం, లెక్కలు ప్రాథమిక స్థాయిలోనే పట్టుబడాలన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే, కానీ ఆ భారమూ పాఠం చెప్పే టీచర్ మీదే పడింది.

హెడ్మాస్టర్లకు ఒక మనవి. మీ బడికి సహాయకురాలు వస్తే ఆమెను హాజరు పట్టీలకు, మధ్యాహ్న భోజనం లెక్కలకు అప్పగించకండి. రోజూ ఒకే వేళ, ఒకే మూల, అదే పదిమంది పిల్లలను ఆమెకు ఇవ్వండి. వారానికోసారి టీచర్‌నూ ఆమెనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఏ పిల్లాడు ఏ మెట్టు దగ్గర ఆగాడో మాట్లాడుకోనివ్వండి.