ప్రమథుల ముద్దుబిడ్డ

నవ్వా, నా తెల్లని తల్లీ! శృంగారానికి శ్యామం, రౌద్రానికి ఎరుపు, కరుణకు పావురాయి బూడిదరంగు పంచిన భరతముని నీ వంతు వచ్చేసరికి దోసిళ్లనిండా తెలుపు నింపుకొచ్చాడు. మల్లెల తెలుపు, మంచు తెలుపు, మాఘపు వెన్నెల తెలుపు. అంతటితో ఆగాడా? నీకు అధిదేవతలుగా ప్రమథగణాలను పిలిచాడు. వంకర కాళ్లవాళ్లు, బానపొట్టలవాళ్లు, బూడిద ఒళ్లవాళ్లు, లోకం వేలెత్తి చూపే ఆకారాలవాళ్లు! ఆ ఆకారాలనే అక్కున చేర్చుకుని, ఆటలో ఆటగా, పాటలో పాటగా తన వెంట తిప్పుకున్నాడు శివుడు. ఆ వాకిట్లో పెరిగినదానివి నువ్వు. వంకరను పసిగట్టడం నీ కంటికి పుట్టుకతో వచ్చింది. వంకరవాణ్ణి విడిచిపెట్టకపోవడం నీ గుండెకు ఉగ్గుపాలతో వచ్చింది.

పెదవి విప్పని స్మితం నువ్వే, పలువరస మెరిసే హసితం నువ్వే, కళ్లు చెమర్చే అపహసితం నువ్వే, డొక్కలు పట్టుకుని దొర్లించే అతిహసితం నువ్వే. ఏ మెట్టు మీద నిలిచినా నీ పాదాలకు తడి ఉండాలి తల్లీ. మనిషి మీద మమకారమనే తడి.

మొగల్తూరు పార్వతీశాన్ని చూడు. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో తన నవలలో మనకప్పగించిన పిల్లవాడు. బారిస్టరు కావాలని బయల్దేరి, మద్రాసులో మోజుపడి దొరసానుల టోపీ కొనుక్కుని, దాన్నే దర్జాగా నెత్తిన పెట్టుకున్న అమాయకుడు. తన కథ తనే చెబుతాడు, ఏదీ దాచుకోకుండా, ఎవరినీ నిందించకుండా. పగలబడి నవ్విస్తావు నువ్వు. నవ్వుతూనే అతని పెట్టె అందుకుని సీమదాకా సాగనంపాలనిపిస్తావు.

ఇక గుండమ్మ! ఆమె దగ్గర కాసేపు కూర్చోనీ నన్ను. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో సూర్యకాంతం కంఠమెత్తితే కుంపట్లు రాజుకున్నట్టుంటుంది. నడుముకు బిగించిన కొంగు, గాలిని కోస్తూ తిరిగే ఎడమ చెయ్యి, మాట కంటే ముందే ఉరిమే కళ్లు, మూతి విరుపులో ముప్పై తిట్లు. సవతి కూతురు లక్ష్మిని వంటింటికి కట్టేసి, కన్న కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టిన కఠినురాలు. అయినా ఆ కఠినురాలి కళ్ల వెనక కపటం తెలియని బేల ఒకతె తొంగిచూస్తూనే ఉంటుంది. ఆ బేలను దాచని నటన అది! అందుకే భయపడుతూ నవ్వాం, నవ్వుతూ దగ్గరయ్యాం. ఛాయాదేవి దుర్గమ్మగా వచ్చి గుండమ్మను నానా బాధలూ పెడుతుంటే, అంతసేపూ ఆమెను చూసి నవ్విన హాలు హాలంతా విలవిల్లాడింది. తిట్లు తిన్న లక్ష్మే వచ్చి ఆమెను కాపాడితే ఆ హాలే కన్నీళ్లతో చప్పట్లు కొట్టింది. అప్పటిదాకా మన నవ్వుల అడుగున పారుతున్నది ప్రేమేనని అక్కడ బయటపడుతుంది. తెరమీద అన్నం దగ్గర కసిరిన ఆ చెయ్యే, షూటింగులకు ఇంటివంటలు మోసుకొచ్చి తోటివాళ్లకు కొసరి కొసరి వడ్డించేదట. ఆ చేతి రుచి తెరదాకా తెలిసిందని నా నమ్మకం.

నత్తిని అనుకరించి, నలుపును వెక్కిరించి, పొట్టివాణ్ణి తన్ని, లావుపాటి మనిషిని లాగి పడేసి రప్పించే కూతలున్నాయే, మన వేదికల మీద, మన తెరల మీద కుప్పలుగా పోసిన ఆ కూతలు, వాటిలో నిన్ను వెతికి వెతికి అలసిపోయాను. ఈలలు వినిపిస్తాయి, ఇకిలింపులు వినిపిస్తాయి, నీ అందెల సవ్వడి మాత్రం వినపడదు. దెబ్బ తిన్నవాడి మొహం వైపు ఒక్కసారి చూస్తే చాలు, గొంతులోని నవ్వు అక్కడే గడ్డకడుతుంది.

మరి దుర్మార్గుడి మాటేమిటని నిన్ను నిలదీస్తారు. చేరదీసేందుకు ఏమీ మిగలనివాణ్ణి ఏం చేస్తావని అడుగుతారు. 1892లో విజయనగరం రంగస్థలం మీద ‘కన్యాశుల్కం’ నాటకంతో తొలిసారి అడుగుపెట్టిన గిరీశాన్ని చూపిస్తాను వాళ్లకు. పూటకూళ్లమ్మ సొమ్ము తిన్నవాడు, వెంకటేశానికి చదువు పేరుతో చుట్టలు అలవాటు చేసినవాడు, బుచ్చమ్మను మాయమాటలతో లేవదీసుకుపోయినవాడు. గురజాడ అతని తప్పుల్లో ఒక్కదాన్నీ తుడిచిపెట్టలేదు; బుచ్చమ్మను అతని చేతికి దక్కనివ్వలేదు. కానీ ఆ నోటికి ఎంత సొగసైన మాటలిచ్చాడు! ఆ కోతలకు ఎంత కులుకిచ్చాడు! అసహ్యించుకుని అవతల పారెయ్యడానికి ఎవడైనా ఇంత శ్రద్ధగా చెక్కుతాడా? సౌజన్యారావు పంతులు గుమ్మంలోంచి గెంటేస్తే న్యాయం జరిగిందని తల ఊపుతాం. ఊపిన తలలోనే, నవ్వా, నువ్వు గుసగుసలాడతావు: ఈ రాత్రికి వీడెక్కడ తలదాచుకుంటాడో, ఏ ఊళ్లో ఏ అమాయకుడికి ఏ కథ చెప్పి పీట వేయించుకుంటాడో!